జానెడు సందు

పడవ ఫోటోలు ఏడు పంపాడు సరంగు సత్తిబాబు.
దుప్పటి మీద గులాబీ రేకులు,
పళ్లెంలో నిమ్మచెక్క పక్కన ఏదో చేప,
పైన డెక్కు మీద రెండు వెదురు కుర్చీలు.
కటకటాలు మాత్రం
ఒక్క ఫోటోలోనూ పూర్తిగా పడలేదు.

"చువ్వకీ చువ్వకీ మధ్య ఎంతుంటుందండీ?"
"జానెడుంటాదండి."
"ఎవరి జాన?"
అవతల కాసేపు ఇంజను చప్పుడు.
"నాదేనండి, ఆయ్."

ఆయన చెయ్యి నేను చూడలేదు.
తాడు లాగిన చెయ్యి, పెద్దదే అయ్యుంటుంది.
నా జానకి రెండు వేళ్లు కలుపుకుని
మా మెట్ల గ్రిల్లు కొలిచాను. సరిగ్గా అంతే.
నాలుగేళ్ల మేధని పిలిచి
తల పెట్టి చూడమ్మా అన్నాను.
పెట్టింది.
వెనక్కి తీయడానికి
పావు సీసా కొబ్బరినూనె పట్టింది.

విజయవాడ నుంచి సువర్చల వదిన, వాళ్ల కవలలు,
మా హవిష్, నూనె కారుతున్న మేధ.
నలుగురి వయసూ కలిపితే ఇరవై ఒకటి.
ఈత వచ్చినవాళ్లు సున్నా.

పాలకొల్లు నుంచి దిండికి ఎన్నిసార్లు వెళ్లలేదు!
చించినాడ వంతెన మీద బస్సు కిటికీలో
గట్టిగా ఒక నిమిషం గోదారి,
పిల్లాడి చేతిలో రూపాయి బిళ్ల, ఒక దణ్ణం, అయిపోయేది.
ఇప్పుడు ఇరవై గంటల గోదారిని
ఏ సంచిలో సర్దను?
వాంతి మాత్రలు పెట్టాను. దోమల క్రీము పెట్టాను.
పాత నేత చీర ఒకటి పెట్టాను,
ఒక కొస మేధ నడుముకి, ఒక కొస నా ముంజేతికి.
"దూడనుకున్నావా?" అంది వదిన ఫోనులో.
దూడైతే ఈదుతుంది వదినా.

కాలవ గట్టున పుట్టినదాన్నే నేను.
జూన్‌లో నీళ్లు వదలగానే
లాకుల దిగువన అరటి బోదె కౌగిలించుకుని
పది రోజుల్లో చేపలైపోయారు అన్నయ్యలిద్దరూ.
నన్ను మోకాలు దాటనిచ్చేది కాదు మా నాయనమ్మ.
మోకాలి దాకా గోదారి నాకు బాగా తెలుసు.
రేవు మెట్టు మీద వాళ్ల చొక్కాలు ఒళ్లో పెట్టుకుని
పని లేకుండా ఏం కూచోలేదు,
ఎవడు మునిగి ఎంతసేపైందో
లెక్కపెట్టేదాన్ని.
ఇప్పటికీ నాకు వచ్చింది అదొక్కటే.
ఒకటి, రెండు, మూడు,
తల ఎక్కడ, నాలుగు.

మళ్లీ ఫోను చేశాను సత్తిబాబుకి.
పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి,
రాత్రి పడవ ఎక్కడ కడతారు,
అసలు కదపకుండా ఒడ్డునే ఉంచితే ఎంత తీసుకుంటారు?
నవ్వాడు. "కదలకపోతే పడవేంటండి."
"మీకు ఈత వచ్చా?"
"పుట్టకముందే వచ్చండి."
"మీ పిల్లలకి?"
ఈసారి ఇంజను చప్పుడు కూడా లేదు.
"రాదండి. ఇద్దరికీ రాదు.
నేర్పుదామంటే
నేనెప్పుడూ నీళ్ల మీదే కదండీ."

అప్పుడే అడ్వాన్సు పంపేశాను.
ఎందుకో తెలీదు. రెండు వేలు.

నారింజ రంగు జాకెట్లు నిన్న వచ్చాయి, పిల్లల సైజు.
విప్పనంటే విప్పమన్నారు.
అలాగే పెరుగన్నం తిన్నారు,
అలాగే పడుకున్నారు, మంచం మీద
బోర్లా ఒకరు, వెల్లకిలా ఒకరు, తేలుతున్నట్టు.
"నీకో మరి?" అన్నాడు మా ఆయన లైటు ఆర్పుతూ.
నాకు తెప్పించుకోవడం మర్చిపోయాను.

ఒక్కో జాకెట్టుకీ మెడ దగ్గర ఒక విజిలుంది.
రాత్రి రెండింటికి, నిద్రలోనో మెలకువలోనో,
మేధ ఊదింది.

దూకేశాను.
చీర కొస ఎక్కడుందో చూసుకోలేదు,
లెక్క మొదలుపెట్టలేదు,
కింద నీళ్లున్నాయో నేలుందో
కాలికి తగిలేదాకా అనుకోనే లేదు.

నేలే.
చల్లగా ఉంది.